అవ్వ నోట రాని పేరు: సుల్తానాబాద్ నుంచి ఇప్పలగూడ దాకా

సకల మేలులకు ఊటయైన దేవునికి స్తోత్రం. గడప దాటించి, రైలెక్కించి, గోదావరి దాటించి, అడవి నడుమ మొరాయించిన బస్సును మళ్ళీ కదిలించి, నన్ను కన్న మా అవ్వనూ నన్నూ ఒక కోడిపుంజునూ క్షేమంగా చేర్చిన ఆయన నామానికే మహిమ. పుంజు క్షేమం గమ్యం చేరేవరకే. ఆ సంగతి దాని చోట చెబుతాను.

మా తండ్రిని, మా బాపును ఎరిగినవారు ఈ నాలుగు మాటలు చదివేవారిలో చాలామందే ఉంటారు. గొడుగు చంకన పెట్టుకొని, మండే ఎండలో కూడా దాన్ని విప్పకుండా ఊరూరా తిరిగి సువార్త చెప్పిన పేతురు పంతులు ఆయనే. "గొడుగు విప్పరాదు బాపూ" అంటే "విప్పితే పాతబడుతది" అనేవాడు. ప్రభువు ఆయనను పిలుచుకొని ఏడాది దాటింది. గొడుగు ఇంకా కొత్తగానే ఉంది.

ఇక మా ఇంటి కబురు. మా చెల్లెలు రూతుకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఎందరో ఉపవాసముండి చేసిన ప్రార్థనలకు జవాబుగా, కొడుకు పుట్టాడు. ఆమె భర్త దయానందం బడిపంతులు. పోయిన వానకాలం అతణ్ని ఉట్నూర్ అవతల ఇప్పలగూడ అనే అడవి ఊరికి మార్చారు. బాపూ అవ్వా తమ పడుచుతనంలో, రజాకార్ల గడబిడకు ముందు, సువార్త పని చేసిన ఊరు అదే. అప్పుడు నేను చదువు కోసం సుల్తానాబాద్‌లో నాయనమ్మ దగ్గర ఉన్నాను. రూతు ఇంకా పుట్టనే లేదు. గడబిడ మొదలయ్యాక బాపూ వాళ్ళూ తిరిగి వచ్చేశారు. తరువాత అవ్వ మళ్ళీ అటు పోలేదు.

రూతు అటునుంచి వచ్చే ఒక పంతులుతో మాట పంపింది: "పిల్లగానికి బాపు పేరే పెడుతున్నం. బాప్తిస్మం నాడు అవ్వనే ఎత్తుకొని అయ్యగారికి పేరు చెప్పాలె. ఇంకెవ్వలు చెప్పినా నేను ఒప్పుకోను. అవ్వ చెప్పకుంటే మా అత్త ఆగది, తనే చెప్తది. ఆమె రాజరత్నమని అనుకొని ఉన్నది."

ఈ మాట విని నేను సంతోషించాను. అవ్వ మంచం మీద కూలబడింది.

ఎందుకో చెప్పాలి. మా అవ్వ మొగుడి పేరు పలకదు. మన పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళు పలకరు. పలికితే ఆయనకు ఆయువు తగ్గుతుందని భయం. బాప్తిస్మం తీసుకున్నప్పుడు అవ్వ తాయెత్తు విడిచింది, శకునాలు విడిచింది, పోచమ్మకు బోనం విడిచింది. ఇది మాత్రం విడవలేదు. బాపు పేరు ఏ నర్సయ్యో ఎల్లయ్యో అయితే ఇబ్బంది ఉండేది కాదు. పేతురు! ప్రభువు ముఖ్య శిష్యుడి పేరు; అది పలకకుండా సువార్త చదవడం ఎట్లా?

అవ్వ చదివేది. స్త్రీల కూటంలో వాక్యం చదివే వంతు వస్తే ఆ పేరు వచ్చిన ప్రతిచోటా తడుముకోకుండా "మా ఇంటాయన" అని చదివేది. మా ఇంటాయన వల విడిచి ప్రభువు వెంట పోయెను. మా ఇంటాయన కత్తి దూసి ఒకని చెవి నరికెను. ఒకసారి ఈస్టరుకు ముందటి శ్రమదినాల్లో, ఆడా మగా కూడిన ఆరాధనలో, మా ఇంటాయన ముమ్మారు అబద్ధమాడెనని చదివితే, కొత్తగా సంఘంలో చేరిన ఒకామె వెనక్కి తిరిగి బాపు వంక చూసిన చూపు ఆయన ఎన్నటికీ మరిచిపోలేదు.

ఆమె చేత పేరు పలికించాలని బాపు ఒక ఉపాయం పన్నాడు. తానే ఒక పాట కట్టాడు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడని ఆ జాలరి కథ. ప్రతి చరణం చివరా ఆ పేరే.

వలలు వేసి అలసినావ – పేతురూ
తెల్లవారె, ఒడ్డు మీద ఎవరు చూడు – పేతురూ

అవ్వ పాటంతా తీయగా పాడేది. పేరు దగ్గరికి రాగానే ఖల్ ఖల్ మని దగ్గేది. సుల్తానాబాద్ మందిరంలో అందరూ గొంతెత్తి పాడతారు కనుక ఆ దగ్గు ఎవరికీ అడ్డు కాలేదు. బాపు ఓడిపోయాడు.

"గా పేరే పెట్టుండ్రి సామ్యేలూ," అన్నది అవ్వ నాతో. "ఆయన పేరు నిలువాలె గద. కని మనుమణ్ని నేనేమని పిలువాలె? 'ఓ' అని పిలువాల్నా? దినాం 'ఓ' అంటే వాడు ఆంబోతనుకుంటరు."

"ఒక్కసారి ధైర్యం చేసి చెప్పవ్వా. బాపు ఇప్పుడు ప్రభువు దగ్గర ఉన్నడు. ఆయువు తగ్గుడు అనే ఫికరే లేదు."

"నోరు వస్తే గద!" అన్నది.

అదీ మా ప్రయాణం. పేరు నిలవాలి, అది నిలిపే నోరు రావాలి.

బయలుదేరడం

రైసుమిల్లులో గుమాస్తా పని నాకు. షావుకారును బతిమాలి సెలవు తీసుకున్నాను. అవ్వ బరువంతా నా నెత్తిన పెట్టింది: సకినాల డబ్బా, బాలింతకు నువ్వుల ముద్దలు, శొంఠి, మిరియాలు, పాత మెత్తని చీరలు, బుట్టలో కాళ్ళు కట్టిన పుంజు. బాపు గొడుగు మాత్రం తాను చంకన పెట్టుకున్నది.

పెద్దపల్లి దాకా బస్సులో పుంజు నా మోకాళ్ళ మీద ప్రయాణించింది. కండక్టరు దానికి టికెట్ అడిగాడు. "గది విందుకు పోతుంది, బిడ్డా" అన్నది అవ్వ. "విందుకు పోయేటోళ్ళు టికెట్ గొనరా?" అన్నాడు కండక్టరు. "అది తినెటందుకు పోతలేదు" అన్నది అవ్వ. బస్సంతా నవ్వింది; కండక్టరు కూడా నవ్వి వదిలేశాడు.

రైలు పెట్టెలో

పెద్దపల్లిలో ప్యాసింజరు ఎక్కాము. కిటికీ పక్కన చోటు దొరికింది. కాసేపయ్యాక అవ్వకు పాఠం మొదలుపెట్టాను.

"అవ్వా, మెల్లగ ఒక్కసారి అను."

"ఏమని?"

"బాపు పేరు."

"నువ్వను."

"పేతురు."

"మంచిగనే అంటున్నవు గద. అయ్యగారికి నువ్వే చెప్పు పో."

ఎదురు బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఇదంతా వింటోంది. పేరు లచ్చవ్వ. మంచిర్యాలలో బిడ్డ ఇంటికి పోతోంది. ఒడిలో సొరకాయ, పక్కన బియ్యం మూట.

"నీ కొడుకు నిన్నెందుకు సతాయిస్తుండు అక్కా?"

"ఇంటాయన పేరు చెప్పుమంటుండు."

"అవ్వో!" అని లచ్చవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "గట్లెట్ల చెప్తరు? నాది గదే తిప్పల. మా ముసలోని పేరు చెప్పద్దని మనుమలకు కథ గూడ సక్కగ చెప్పరాదు. అనగనగా ఒక పెద్దమనిషి, ఆయనకు ఏడుగురు కొడుకులు, ఏడుగురు ఏటకు పోయిండ్రు అని చెప్త. పోరగాండ్లు 'గాయన పటేలా అవ్వా' అంటరు."

"రాజయ్యా మీ ఆయన పేరు?" అన్నాను.

"నువ్వన్నవు కొడుకా, నేననలే," అని తృప్తిగా తల ఊపి అవ్వ వైపు తిరిగింది. "మీ ఆయన పేరేంది అక్కా? జర ఆనవాలు చెప్పు, నేను పట్టుకుంట."

అవ్వ కొంచెం ఆలోచించింది. "చేపలు వట్టెటోడు."

"బెస్తోళ్ళా మీరు?"

"కాదు. నీళ్ళ మీద నడిచిండు."

"మీ ఆయననా?"

"జరంత దూరం నడిచి మునిగిండు."

"అయ్యో పాపం! గట్లనా పోయిండు?"

"లేదు లేదు. ప్రభువు చెయ్యి వట్టి లేపిండు. పోయింది నిరుడు, జ్వరమొచ్చి."

లచ్చవ్వ నా ముఖం చూసింది. ఈ ముసలామెకు బుద్ధి సరిగా ఉందా అని అడగలేక, సొరకాయను కొంచెం తన వైపు జరుపుకుంది. నేను ప్రభువు శిష్యుడైన ఆ పేతురు కథ మొదటి నుంచి చెప్పాను. ఎన్నడూ ఇంత శ్రద్ధగా విన్న మనిషిని చూడలేదు. కథ అయిపోయాక ఆమె అడిగింది ఒకటే మాట: "గాయన పెండ్లాం ఏమని పిలిచేది?"

మందిరంలో పిల్లలకు ఆదివార బడి నడిపేవాణ్ని, చదివిందంతా నెమరేసుకున్నాను. ఆ శిష్యుడికి అత్త ఉన్నదని చదివాం, ఆమెకు జ్వరమని చదివాం. భార్య ఏమని పిలిచేదో ఎక్కడా లేదు.

"సూస్తివా," అన్నది అవ్వ నాతో, గెలిచినట్టు. "రాయలేదంటే పిలువలేదన్నట్టే."

గోదావరి మీద

రామగుండం దాటాక బండి వంతెన ఎక్కింది. పెట్టెలో అందరూ లేచి కిటికీల దగ్గరికి చేరి, దండం పెట్టి, నీళ్ళలోకి పైసలు విసిరారు. లచ్చవ్వ కూడా కొంగుముడి విప్పి ఒక పైస వేసింది. "నువ్వెయ్యవా అక్కా?" అని అడిగింది. మేము వెయ్యమని చెప్పాను. అవ్వ మాత్రం చేతులు జోడించింది. "నదిని జేసినాయనకు," అని నా వైపు చూసి చెప్పింది, నేనేమీ అడగకముందే.

కింద రెండు చిన్న పడవలు. ఒకాయన నడుముదాకా వంగి వల లాగుతున్నాడు. అవ్వ చాలాసేపు అటే చూసింది. తరువాత తనలో తాను పాడుకోవడం వినిపించింది: వలలు వేసి అలసినావ... ఖల్ ఖల్. లచ్చవ్వ మంచినీళ్ళ చెంబు అందించింది.

మంచిర్యాలలో దిగేసరికి మా ముఖాల మీద బొగ్గు నుసి. స్టేషను బయట చాయ కప్పు పన్నెండు పైసలు. అవ్వ ఇంకా నిజాం నాటి హాలీ సిక్కా రోజుల్లోనే ఉంటుంది. ఒక కప్పు చాయకు ఇంతా అని సగం తాగి సగం నాకిచ్చింది, ఖర్చు ఇద్దరికీ పంచినట్టు. లచ్చవ్వ బిడ్డ ఇల్లు దగ్గరే. ఆ పూట మమ్మల్ని వదలకుండా తీసుకుపోయి, సొరకాయ కూరతో అన్నం పెట్టి, అరుగు మీద పడుకోనిచ్చింది. తెల్లవారి బస్సెక్కేటప్పుడు అవ్వ చెవిలో చెప్పింది, నాకు వినబడేట్టుగానే: "నీకు నోరు వస్తే నాకు కబురంపు. నేను గూడ సూస్త."

జన్నారం అడవిలో

లక్సెట్టిపేట, జన్నారం దాటాక టేకు అడవి. రోడ్డుకు రెండు వైపులా చెట్లు అంత దగ్గరగా ఉంటే మా దిక్కు వరిపొలాల మనుషులకు ఊపిరాడదు. అక్కడే బస్సు ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తాడు. క్లీనరు నీళ్ళకని డబ్బా పట్టుకొని వాగు వైపు పోయాడు. సన్నగా వాన మొదలైంది.

గొడుగు విప్పమన్నాను. "విప్పితే పాతబడుతది" అన్నది అవ్వ. గొడుగు తడవకుండా దాన్ని కొంగు కింద దాచింది. మేము తడిశాం.

ఎవరో ఇక్కడ మొన్న పులి దూడను కొట్టిందన్నారు. వెంటనే అవ్వ రోడ్డు మీద మోకరించి గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టింది. దానియేలును సింహాల గుహలో కాచిన దేవా అని మొదలై, బస్సు యంత్రం మీదుగా, డ్రైవరు పెళ్ళాంపిల్లల మీదుగా ప్రార్థన సాగుతూనే ఉంది. డ్రైవరు బానెట్ కింది నుంచి తల బయటపెట్టాడు.

"అవ్వా, జర చిన్నగ చెయ్యి నీ ప్రార్థన. పులి పండుకున్నదైతే లేస్తది."

"లేస్తే నీ బండి సప్పుడుకే లేస్తది. నువ్వు నీ పని చూసుకో, నేను నా పని చూసుకుంట."

క్లీనరు నీళ్ళు తెచ్చి పోశాడు. బండి కదిలింది. నీళ్ళు పోసినందుకని డ్రైవరు, ప్రార్థించినందుకని అవ్వ ఉట్నూర్ దాకా వాదించుకున్నారు. ఇద్దరూ ఒప్పుకున్నది ఒకటే: క్లీనరు మంచివాడు.

ఉట్నూర్

ఉట్నూర్‌లో ఆఫీసులు, జీపులు, సంతకు వచ్చిన అడవి ఊళ్ళ జనం. మా దగ్గర అన్నం లేనిదే తిండి కాదు, ఇక్కడ జొన్నరొట్టె. శనగపిండితో చిక్కగా వండిన పిట్ల అనే కూర నంజుకొని రొట్టె తిన్నాను. అవ్వ రొట్టెను రెండు చేతులతో పట్టుకొని వాసన చూసి, "ఇప్పలగూడల గిదే తిన్నం గద. ఆయనకు మస్తు ఇష్టం," అన్నది. మళ్ళీ ఒక రొట్టె అడిగింది.

విత్తనాల మూటలు వేసుకొని ఇప్పలగూడ వైపు పోతున్న ఒక ఆఫీసు జీపులో మాకు చోటు దొరికింది. డ్రైవరు నాందేవ్ మాటలో సగం మరాఠీ.

"ఎక్కడ దిగాలె ఆయీ?"

"ఇప్పలగూడ, కొడుకా."

"అరే, దగ్గు ఊరు!" అన్నాడు నాందేవ్.

అవ్వ నన్ను చూసింది. నేను నాందేవ్‌ను చూశాను.

"అక్కడ అందరు దగ్గుతరు ఆయీ. చిన్న పోరలు గూడ. ఆదివారం పొద్దుగాల ఇంక ఎక్కువ. నేను రోడ్డు మీంచి పోతుంటే ఇనవడుతది. పోయిన ఏడు కాంపౌండర్ సాబ్‌కు తెలిసి పెట్టెడు మందు సీసాలు తెచ్చిండు. బరాబర్ అందరికి పంచిండు. ఒక్కలు తాగలే. దూడలకు తాపిండ్రట."

క్షయ అనే మాట మా ఇద్దరి మనసుల్లోనూ ఉంది, నోట మాత్రం రాలేదు. అవ్వ శొంఠి మూట విప్పి సరిపోతుందా అని చూసుకుంది. పసిబిడ్డ ఉన్న ఇల్లు.

ఇప్పలగూడ

శనివారం పొద్దు వాలే వేళకు దిగాం. రూతు ఎదురొచ్చింది. బిడ్డ ఎర్రగా గుండ్రంగా ఉన్నాడు, నుదురు అచ్చం బాపుదే. అవ్వ బిడ్డ ఛాతీకి చెవి ఆనించి విన్నది. తరువాత రూతు ఛాతీకి. తరువాత అల్లుడి వైపు కదిలింది గానీ అతను సిగ్గుపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మంచిగనే ఉన్నం అవ్వా," అన్నది రూతు. ఆమె కళ్ళలో చిన్నప్పటి అల్లరి కనబడింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అవ్వ వచ్చిందని తెలిసి ఊరంతా కదిలి వచ్చింది. "పాటల అవ్వ వచ్చింది! పాటల అవ్వ!" అని ఆడవాళ్ళు ఆమె చేతులు కళ్ళకద్దుకున్నారు. అవ్వ కనబడినవారినల్లా పట్టుకొని అడిగింది.

"నీకు దగ్గున్నదా బిడ్డా?"

"లేదవ్వా."

"రాత్రిపూట?"

"లేదు."

"మరి ఆదివారం దగ్గుతరంట గద?"

"ఆదివారమా? ఆదివారం దగ్గకుంటే ఎట్ల!" అన్నది ఒక పడుచు, గర్వంగా.

అవ్వ ఆ పూట పెద్ద కుండెడు శొంఠి కషాయం కాచింది. అందరూ మర్యాదకు తాగారు.

రూతు అత్త మంచి మనిషి. "పేరు చెప్పుడు కష్టమైతే నేను చెప్త వదినా, పరేషాన్ గాకు," అని అవ్వతో మూడుసార్లు అన్నది. ఆమె ఎంచిన రాజరత్నం ఎవరి పేరూ కాదు. తన పెనిమిటి పేరు పెట్టాలనుకున్నా ఆమెకూ నోరు రాదు గనుక, ఎవరిదీ కాని పేరు వెతుక్కుంది.

ఆదివారం

మందిరం అంటే మట్టి గోడలు, గడ్డి కప్పు. మన దగ్గర వాకిట్లో చెప్పులు విడుస్తాం. అక్కడ గోడకు గొడ్డళ్ళు, కొడవళ్ళు వరుసగా ఆనించి లోపలికి వస్తారు. మన కానుక సంచిలో చిల్లర పడుతుంది. అక్కడ గంపలో జొన్నలు, తేనె సీసా, ఒక బతికున్న కుందేలు పడ్డాయి. కుందేలు ప్రసంగంలో సగం దాకా ఉండి వెళ్ళిపోయింది.

బాప్తిస్మానికి ముందు పాస్టరు అయ్యగారు, చనిపోయిన పంతులు జ్ఞాపకార్థం ఆయన పాట పాడదామన్నారు. సంఘపెద్ద దావీదు తాత కంజిర అందుకున్నాడు. అవ్వ బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆడవాళ్ళ మధ్య కూర్చున్నది.

"వలలు వేసి అలసినావ..." అని మందిరమంతా ఎత్తుకుంది. నేను కూడా ఉత్సాహంగా కలిశాను. 'పేతురూ' అని నా నోరు తెరుచుకునే వేళకు అందరూ ఒక్కుమ్మడిగా దగ్గారు.

ఖల్ ఖల్.

నేనొక్కణ్నే పేతురూ అన్నాను. ముందు వరుస పిల్లలు తిరిగి చూసి నవ్వారు, పాట రానివాడని.

"తెల్లవారె, ఒడ్డు మీద ఎవరు చూడు..."

ఖల్ ఖల్.

కంజిర దెబ్బకు సరిగ్గా. మగవాళ్ళది కుండలో దగ్గినట్టు బొంగురుగా, ఆడవాళ్ళది సన్నగా, పిల్లలది అన్నిటికన్నా గట్టిగా. పాట సగంలో ఉండగా అవ్వ పక్కనున్న పడుచు వంగి అడిగింది: "మంచిగ దగ్గుతున్నమా అవ్వా? ఏమన్న తప్పు బోయిందా?"

అవ్వ నోరు తెరుచుకొని ఉంది. ఎన్నడూ దగ్గు తప్పని చోట ఆమె ఈసారి దగ్గలేదు. రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వణికిపోతోంది, నవ్వుతో.

అప్పుడు అర్థమైంది నాకు. బాపు గొంతు నూనె లేని బండి ఇరుసు. ఆయన ఎన్నడూ పాట నేర్పలేదు, నేర్పనిచ్చినవారూ లేరు. ఈ ఊరికి పాట నేర్పింది అవ్వ. వీళ్ళకు చదువు రాదు. ఆమె నోట ఏది వస్తే అదే పాట.

అవ్వ బిడ్డను ఎత్తుకొని లేచి నిలబడింది. "ఆపుండ్రి," అన్నది. కంజిర ఆగింది. "గది దగ్గు గాదు."

"మరేంది పంతులమ్మా?" అన్నాడు దావీదు తాత.

"గది పేరు. మీ పంతులు పేరు."

మందిరం అంతా గుసగుస. దావీదు తాత కంజిర కింద పెట్టాడు. "పంతులు పేరు పంతులే గద! మాకు వేరే పేరు తెల్వదు. నేను ఒకసారి అడిగిన ఆయనను, దగ్గు రానోళ్ళు ఏం చెయ్యాలె పంతులూ అని. గోడకు ఆనుకొని నవ్విండు. నవ్వి నవ్వి కింద కూసున్నడు, కండ్లల్ల నీళ్ళు. 'మా ఇంటామె ఎట్ల పాడితే గట్లనే పాడుండ్రి, ఒక్క దగ్గు తక్కువ గావద్దు' అన్నడు. మేము తక్కువ గానియ్యలే పంతులమ్మా. గడబిడల అడవిల దాసుకున్నప్పుడు గూడ మెల్లగ దగ్గినం."

అవ్వ ఒడిసిపట్టిన బిడ్డ నుదురు వంక చూసింది. "ఆయన పాట," అన్నది, ఎవరితోనూ కాదు. "ఆయన పేరు మీద కట్టిన పాట. గీ ఊర్లె ఆయన పేరే లేకుంట జేస్తి."

అయ్యగారు నీళ్ళ గిన్నె పట్టుకొని దగ్గరికి వచ్చారు. మృదువుగా అడిగారు: "అమ్మా, బిడ్డ పేరు చెప్పండి."

అవ్వ పెదవులు కదిలాయి.

"ఇనవడలే," అన్నాడు దావీదు తాత.

మళ్ళీ కదిలాయి. ఈసారి ఊపిరి మాత్రం వచ్చింది.

రూతు అత్త జాలితో ముందుకు వంగింది. "కష్టమైతే రాజరత్నం అందమా వదినా?"

"పేతురు!" అన్నది అవ్వ.

కప్పులోని పిచ్చుకలు లేచిపోయాయి.

"పేతురు! ఇంటున్నవా వదినా? పేతురు!"

మూడుసార్లు. మంట కాచుకుంటూ ఆ శిష్యుడు ప్రభువును ఎరుగనన్నది మూడుసార్లు, ఆ వెంటనే కోడి కూసింది. తరువాత ఒడ్డున నిలబడి ప్రేమిస్తున్నానన్నదీ మూడుసార్లే. వాక్యం తెలిసిన నాలాంటివాడు అప్పుడు కోడి కూత కోసం చెవి రిక్కించకుండా ఉండలేడు. మా పుంజు కూయలేదు. అది అప్పటికే రూతు వాకిట్లో కుండలో ఉడుకుతోంది.

అయ్యగారు బిడ్డ నుదుట నీళ్ళు వేశారు. వాడు ఏడ్చాడు. అవ్వ కూడా.

తరువాత పాట మళ్ళీ మొదటి నుంచి పాడారు. ఈసారి పేరుతో. అయితే దావీదు తాత దగ్గు మాననివ్వలేదు. ఒక్కటి తక్కువ గావద్దని పంతులు చెప్పిన మాట అది. కాబట్టి ఇప్పుడు ఇప్పలగూడలో ఆ పాట ఇట్లా ఉంది: వలలు వేసి అలసినావ పేతురూ, ఖల్ ఖల్. తాళం కొంచెం కుంటుతుంది. ఎవరికీ పట్టింపు లేదు.

తిరుగు ప్రయాణానికి ముందు

అక్కడ ఇంకొన్నాళ్ళు ఉన్నాం. అవ్వకు ఆ పేరు ఎంత రుచిగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్ళు పేరు పెట్టి తిట్టలేకపోయిన లోటంతా తీర్చుకుంది. "ఓరి పేతురూ, మల్ల తడిపినవా!" "పేతురూ, నీకు బుద్ధి ఎప్పుడొస్తదిరా!" "పాలు తాగరాదు పేతురూ, ఊరు తిరుగుడు తర్వాత!" ఆఖరి మాట మూడు నెలల పిల్లవాడికి వర్తించదని నేను అన్నాను. "నీకేం తెలుసు," అన్నది.

బయలుదేరే ముందు బాపు గొడుగును ఉయ్యాల తాడుకు తగిలించి వచ్చింది, విప్పకుండానే. మంచిర్యాలలో బస్సు దిగగానే నన్ను లచ్చవ్వ బిడ్డ ఇంటికి పరుగెత్తించింది, నోరు వచ్చిందని చెప్పి రమ్మని. లచ్చవ్వ స్టేషను దాకా వచ్చి అవ్వను కావలించుకుంది. బండి కదులుతుంటే కిటికీ వెంట నడుస్తూ ఆమె నోరు తెరిచి "రా..." అన్నది, "రా..." అన్నది, తరువాత బండి చప్పుడులో ఏమన్నదో వినబడలేదు. అవ్వ మాత్రం విన్నానంటుంది.

ప్రియులారా, ఇది చదివి పక్కన పెట్టేముందు మా కోసం ఒక్క నిమిషం మోకరించండి. ఇప్పలగూడ సంఘం కోసం, దావీదు తాత ముసలి చేతుల కోసం, బాపు తోడు లేని మా అవ్వ కోసం, నోరు రాక తిప్పలు పడుతున్న లచ్చవ్వ కోసం ప్రార్థించండి. మా పిల్లవాడి కోసం ప్రార్థించేటప్పుడు "ఆ బిడ్డ" అనకండి. పేరు పెట్టి, పైకి వినబడేట్టు అడగండి. ఆ పేరు మాకు తేరగా రాలేదు. పేరు పలికిన చోట దగ్గు వస్తే ఆపుకోకండి. ప్రభువు పక్కన మా బాపు దాని కోసమే చెవొగ్గి ఉంటాడు. ఆమేన్.